రెసిడెన్సీ మళ్లీ చేయకుండా అమెరికాలో వైద్యవృత్తి: రాష్ట్రాల కొత్త లైసెన్సు దారుల్లో అడుగడుగునా ఏం చేయాలి

కాకినాడలోనో వరంగల్‌లోనో ఎండీ పూర్తిచేసి, పదేళ్లు వార్డులు, ఐసీయూలు నడిపిన వైద్యురాలు డాలస్‌కో ఆర్లాండోకో వెళ్లి స్థిరపడితే, అక్కడి చట్టం ఇన్నాళ్లూ ఆమెకు ఒకే మాట చెప్పింది: మళ్లీ రెసిడెన్సీలో, అంటే ఆసుపత్రిలో పర్యవేక్షణ కింద చేసే పీజీ శిక్షణలో, చేరమని. చాలా రాష్ట్రాలు విదేశీ పట్టాదారుల నుంచి 2 నుంచి 3 ఏళ్ల అమెరికన్ శిక్షణ కోరేవి. ఇక్కడ చేసిన పీజీకి ఆ లెక్కలో చోటు లేదు. వయసు నలభై దాటి, ఇద్దరు పిల్లలున్న స్పెషలిస్టుకు అది మూసిన తలుపుతో సమానం.

2023లో టెనెస్సీ ఆ పద్ధతిని మార్చింది. స్వదేశంలో శిక్షణ పొంది, ప్రాక్టీసు చేసిన వైద్యులకు అమెరికన్ రెసిడెన్సీ లేకుండానే తాత్కాలిక లైసెన్సు ఇవ్వవచ్చని చట్టం చేసింది. ఆ తర్వాత ఇల్లినాయ్, ఫ్లోరిడా, వర్జీనియా, విస్కాన్సిన్, మసాచుసెట్స్, టెక్సస్ తమ తమ రూపాల్లో చట్టాలు తెచ్చాయి. అప్పటి నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో ‘పరీక్షలు అక్కర్లేదు, నేరుగా లైసెన్సు’ అనే ప్రచారం తిరుగుతోంది. అది తప్పు. తీసేసింది రెసిడెన్సీని మాత్రమే. పరీక్షలు, పత్రాల ధ్రువీకరణ, వీసా అన్నీ అలాగే ఉన్నాయి. వాటికి తోడు కొత్తగా ఒక షరతు వచ్చింది. ముందు మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకుంటానని ఒక ఆసుపత్రి రాసివ్వాలి. ఈ దారి మొత్తం ఆ ఆఫర్ లెటర్ చుట్టూ తిరుగుతుంది. అందుకే మిగతా పనులన్నిటినీ దానికి అనుకూలంగా అమర్చుకోవాలి.

ముందుగా: ఇది మీ దారేనా?

ఈ చట్టాలు కొత్తగా ఎంబీబీఎస్ ముగించినవారి కోసం రాసినవి కావు. మీది ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ మాత్రమే అయితే, వయసు ఇంకా ముప్పైలోపే ఉంటే, అమెరికన్ వైద్య లైసెన్సు పరీక్షలైన స్టెప్‌లు రాసి, ‘మ్యాచ్’ అనే సీట్ల కేటాయింపులో రెసిడెన్సీ కోసం ప్రయత్నించడమే మేలు. రెసిడెన్సీ చేసినవారికి యాభై రాష్ట్రాలూ తెరిచి ఉంటాయి. ఈ కొత్త దారిలో వచ్చినవారికి చాలాకాలం ఒక్క రాష్ట్రమే ఉంటుంది.

ఇది సరిపోయేది మూడేళ్ల ఎండీ, ఎంఎస్ లేదా డీఎన్‌బీ పూర్తిచేసి, ఆ తర్వాత స్వతంత్రంగా ప్రాక్టీసు చేసినవారికి. అమెరికన్ రెసిడెన్సీకి దాదాపు సమానమైన శిక్షణ పొంది ఉండాలని చాలా చట్టాలు కోరుతున్నాయి. మూడేళ్ల పీజీ ఆ మాటకు దగ్గరగా నిలుస్తుంది. రెండేళ్ల డిప్లొమాతో ఆ వాదన నెగ్గించడం కష్టం.

ఇక్కడ చాలామంది గమనించని షరతు ఒకటుంది. కొన్ని రాష్ట్రాల్లో ప్రాక్టీసు ఇటీవలిదై ఉండాలి. టెనెస్సీ చట్టం మూడేళ్ల పీజీ శిక్షణకు ప్రత్యామ్నాయంగా గత 5 ఏళ్లలో కనీసం 3 ఏళ్ల ప్రాక్టీసు అనే కొలమానాన్ని వాడింది. ఫ్లోరిడా అయితే చెల్లుబాటయ్యే విదేశీ లైసెన్సు ఉండాలని, దరఖాస్తుకు ముందు 4 ఏళ్లూ ప్రాక్టీసు చేస్తూ ఉండాలని అంటుంది. భర్త ఉద్యోగరీత్యా హెచ్-4 అనే కుటుంబ వీసా మీద అమెరికా వెళ్లి, ఆరేడేళ్లుగా ఇంటి దగ్గరే ఉన్న తెలుగు వైద్యురాళ్లు వేలల్లో కాకపోయినా ప్రతి పెద్ద నగరంలో కనిపిస్తారు. ఈ దారి తమ కోసమే వచ్చిందని వారు ఆశపడతారు. కానీ ఈ షరతు సరిగ్గా వారికే అడ్డొస్తుంది. అమెరికా వెళ్లాలా వద్దా అన్న ఆలోచనలో ఉన్నవారికి నేను గట్టిగా చెప్పేది ఇదే: పరీక్షలకు చదువుతున్నా ఇక్కడి ప్రాక్టీసును మానకండి, రాష్ట్ర వైద్య మండలిలో రిజిస్ట్రేషన్ గడువు దాటనివ్వకండి. ఇప్పటికే విరామం వచ్చినవారికి ఉన్న మార్గాలు రెండు: రెసిడెన్సీ, లేదా కొంతకాలం స్వదేశానికి వచ్చి మళ్లీ ప్రాక్టీసు చేయడం. రెండూ సులభం కావు. అయినా చదువు వృథా అయిందని చేతులు కట్టుకుని కూర్చోవడం కంటే ఏదైనా నయమే.

మొదటి మెట్టు: ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్

విదేశీ వైద్య పట్టాదారుల అర్హతను ధ్రువీకరించే అమెరికన్ సంస్థ ఈసీఎఫ్‌ఎంజీ. ఏ రాష్ట్రాన్ని ఎంచుకున్నా దాని సర్టిఫికెట్ తప్పదనుకునే సిద్ధం కావాలి. యూఎస్‌ఎంఎల్‌ఈ అనే లైసెన్సు పరీక్షల్లో స్టెప్ 1, స్టెప్ 2 సీకే (క్లినికల్ నాలెడ్జ్) రెండూ పాసవ్వాలి. క్లినికల్ నైపుణ్యాన్ని చూసే స్టెప్ 2 సీఎస్ పరీక్షను 2021లో శాశ్వతంగా ఆపేశారు. దాని స్థానంలో ‘పాత్‌వేస్’ అనే పద్ధతి వచ్చింది. అప్పటికే స్వదేశంలో లైసెన్సు ఉండి, ఎవరి పర్యవేక్షణా లేకుండా ప్రాక్టీసు చేస్తున్నవారి కోసం అందులో మొదటి పాత్‌వే ఉంది. అనుభవజ్ఞులు ముందు చూసుకోవలసింది అదే. ఏ పాత్‌వేలో వెళ్లినా ఓఈటీ మెడిసిన్ ఆంగ్ల పరీక్ష ఉంటుంది. అందులో నాలుగు విభాగాలూ ఒకే విడతలో గట్టెక్కాలి. పాత్‌వే దరఖాస్తులకు ఏటా గడువులుంటాయి, వాటిని ముందే చూసి పెట్టుకోండి.

స్టెప్ 1కు 2022 జనవరి నుంచి మార్కులు లేవు, పాస్ లేదా ఫెయిల్ అంతే. పదిహేనేళ్ల కిందట చదివిన బయోకెమిస్ట్రీ, ఇమ్యునాలజీ మళ్లీ తిరగేయడం సర్జన్లకు, అనస్థీషియా వైద్యులకు చాలా భారమనిపిస్తుంది. స్టెప్ 1, స్టెప్ 2 సీకేలను ఈ వరుసలోనే రాయాలన్న నియమం లేదు. రోజూ రోగులను చూస్తున్నవారికి సీకే ముందు రాయడం ధైర్యాన్నిస్తుంది. అయితే ఏ స్టెప్ అయినా 4 సార్లకు మించి రాయనివ్వరు. కొన్ని రాష్ట్రాలు అంతకంటే తక్కువ ప్రయత్నాలకే పరిమితం చేస్తాయి. పూర్తిగా సిద్ధమయ్యే వరకు పరీక్షకు కూర్చోకండి. ఈసీఎఫ్‌ఎంజీకి కావలసిన పరీక్షలు 7 ఏళ్ల వ్యవధిలో ముగియాలన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. స్టెప్ 3 కలుపుకుని 7 ఏళ్లలో, కొన్నిచోట్ల 10 ఏళ్లలో ముగించాలనే రాష్ట్రాలున్నాయి.

స్టెప్ 3ను ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్ చేతికొచ్చాకే రాయాలి. రెండు రోజుల పరీక్ష అది, అమెరికాలోనే రాయాలి. కొన్ని రాష్ట్రాలు తాత్కాలిక లైసెన్సుకు దీన్ని వెంటనే అడగకపోవచ్చు. అయినా ముందే ముగించడం మంచిది. కారణం కింద వీసా దగ్గర చెబుతాను.

రెండో మెట్టు: పత్రాలు

పరీక్షలు మన చేతిలో ఉంటాయి. పత్రాలు అలా కాదు. తెలుగు రాష్ట్రాల వైద్యులకు ఆలస్యం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది కాబట్టి దీన్ని కాస్త విడమరచి చెప్పాలి.

మొదటి చిక్కు పేరు. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఎంబీబీఎస్ పట్టాలో ముందుంటుంది, పాస్‌పోర్టులో వెనక్కి వెళ్తుంది, పెళ్లయ్యాక కొందరికి మారిపోతుంది కూడా. ఈసీఎఫ్‌ఎంజీకి అన్నీ ఒకే మనిషివని రుజువు కావాలి. స్టెప్ పరీక్షకు దరఖాస్తు పెట్టడానికి ముందే పాస్‌పోర్టులోని పేరును ప్రమాణంగా పెట్టుకుని, మిగతా పత్రాల్లో తేడాలకు అఫిడవిట్లు సిద్ధం చేసుకోండి. పరీక్ష రోజున పేరులో ఒక్క మాట తేడా ఉన్నా లోపలికి రానివ్వకపోవచ్చు.

రెండోది విశ్వవిద్యాలయం. 1986 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఉస్మానియా, గాంధీ, కాకతీయ కళాశాలల్లో చేరినవారికి కూడా పట్టా విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం నుంచే వచ్చింది. విభజన తర్వాత వరంగల్‌లో కాళోజీ నారాయణరావు విశ్వవిద్యాలయం మొదలయ్యాక తెలంగాణలో చేరినవారికి అదే ఇస్తోంది. విజయవాడ విశ్వవిద్యాలయం పేరు 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కు మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరుకు వచ్చింది. మీ ఎంబీబీఎస్ పట్టా మీద ఒక పేరు, పీజీ పట్టా మీద మరో పేరు ఉంటే అమెరికాలో ఫైలు చూసే గుమస్తాకు అది రెండు సంస్థల్లా కనిపిస్తుంది. పేరు మార్పు గురించి ఒక చిన్న వివరణ లేఖ జతచేస్తే నెలల తరబడి సాగే ఉత్తర ప్రత్యుత్తరాలు తప్పుతాయి.

ఈసీఎఫ్‌ఎంజీ మీ పట్టాను మీ దగ్గర నుంచి కాకుండా నేరుగా సంస్థ నుంచే ధ్రువీకరించుకుంటుంది. అక్కడ సంతకానికి అధికారం ఉన్నవారి వివరాలు వారి రికార్డుల్లో ఉంటాయి. ప్రిన్సిపల్ బదిలీ అయినా, రిజిస్ట్రార్ పదవీ విరమణ చేసినా కొత్తవారి సంతకం అక్కడ నమోదై ఉందో లేదో కనుక్కోవాలి. ఈ పని ఈమెయిళ్లతో తేలదు. మీరు అమెరికాలో ఉంటే మీ తరఫున ఇక్కడ కళాశాల అకడమిక్ సెక్షన్‌కు, విశ్వవిద్యాలయానికి వెళ్లి ఫైలు కదిలించే మనిషి ఒకరు ఉండాలి.

మూడోది వైద్య మండలి నుంచి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్, అంటే మీ రిజిస్ట్రేషన్ సక్రమంగా ఉందన్న పత్రం. ఉమ్మడి రాష్ట్రంలో నమోదై, 2014 తర్వాత తెలంగాణ మండలికి మారినవారు రెండు నమోదుల చరిత్రనూ చూపేలా పత్రాలు తీసుకోవడం మంచిది. మీరు ఎక్కడెక్కడ రిజిస్టరై ఉంటే అక్కడి నుంచల్లా అమెరికా రాష్ట్రాల మెడికల్ బోర్డులు ఈ పత్రం అడుగుతాయి. దానికి కాలపరిమితి ఉంటుంది కాబట్టి మరీ ముందు తీసుకున్నా పనికిరాదు.

నాలుగోది ప్రాక్టీసు రుజువు. కార్పొరేట్ ఆసుపత్రిలో చేసినవారికి అనుభవ ధ్రువపత్రం తేలికగానే వస్తుంది. సొంత నర్సింగ్‌హోమ్ నడిపినవారికి తమ గురించి తామే రాసుకున్న ఉత్తరం చెల్లదు. జిల్లా వైద్య ఆరోగ్యశాఖ దగ్గర క్లినిక్ నమోదు పత్రం, ఆదాయపు పన్ను రిటర్నులు, పక్క ఆసుపత్రిలో కన్సల్టెంట్‌గా ఉంటే వారి ఉత్తరం, ఆపరేషన్ థియేటర్ రిజిస్టరు లెక్కలు ఇవన్నీ కలిపి చూపాలి. పీజీలో రాసిన లాగ్‌బుక్ అటకమీద ఉంటే దుమ్ము దులిపి స్కాన్ చేయించండి. మీ శిక్షణ అమెరికన్ రెసిడెన్సీకి సమానమని చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు. దాంతోపాటు మీరు చదివిన ఏళ్ల పీజీ సిలబస్ కూడా సంపాదించండి.

వినియోగదారుల కమిషన్‌లో కేసు ఉంటే, కొట్టేసినదైనా సరే, దాచకండి. దాచినట్టు తేలితే ఆ ఒక్క కారణంతోనే లైసెన్సు నిరాకరించవచ్చు.

మూడో మెట్టు: రాష్ట్రాన్ని ఎంచుకోవడం

రాష్ట్రాల మధ్య తేడా చిన్నది కాదు. టెనెస్సీలో ఆఫర్ ఇచ్చే సంస్థకు ఏసీజీఎంఈ (అమెరికాలో పీజీ వైద్య శిక్షణకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు పొందిన రెసిడెన్సీ కార్యక్రమం ఉండాలి. 2 ఏళ్లు సక్రమంగా పనిచేశాక పూర్తి లైసెన్సు వైపు వెళ్లవచ్చు. అంటే అక్కడ బోధనాసుపత్రులే మీ లక్ష్యం. ఫ్లోరిడా 2024 చట్టంలో ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్, విదేశీ రెసిడెన్సీ, ఆ రాష్ట్రంలో పూర్తికాల ఉద్యోగ ఆఫర్ ఉండాలి. లైసెన్సు వచ్చాక వరుసగా 2 ఏళ్లు ఆ రాష్ట్రంలో ఉద్యోగం కొనసాగించాలి. వర్జీనియాలో ముందు 2 ఏళ్ల తాత్కాలిక లైసెన్సు, తర్వాత వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలోనే పనిచేయాలన్న షరతుతో మరో లైసెన్సు, ఆపైన పూర్తి లైసెన్సు. విస్కాన్సిన్‌లో 3 ఏళ్ల పర్యవేక్షణ. టెక్సస్ చట్టం 2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. అక్కడా తాత్కాలిక లైసెన్సు, గ్రామీణ లేదా కొరత ప్రాంతాల్లో సేవ అనే పద్ధతే.

చుట్టాలున్న ఊరని రాష్ట్రాన్ని ఎంచుకోవడం మనవారిలో ఎక్కువ. దయచేసి అలా చేయకండి. డాలస్ శివార్లలో ఇల్లు కొన్నవారికి కొరత ప్రాంతంలో ఉద్యోగం మూడు నాలుగు గంటల ప్రయాణ దూరంలో రావచ్చు. కుటుంబం దానికి సిద్ధంగా ఉందా అన్నది దరఖాస్తు పెట్టేముందే తేల్చుకోవాలి.

ఇంకొక జాగ్రత్త: చట్టం అయినంత మాత్రాన బోర్డు దరఖాస్తులు తీసుకుంటుందని కాదు. శాసనసభ చట్టం చేశాక బోర్డు నియమావళి రాసుకోవాలి, దరఖాస్తు నమూనా పెట్టాలి. కొన్నిచోట్ల ఇందుకు ఏడాదికి పైగా పడుతుంది. ఆ రాష్ట్ర మెడికల్ బోర్డు వెబ్‌సైటులో ఈ దారి కోసం ప్రత్యేకమైన దరఖాస్తు కనిపిస్తేనే అది నిజంగా తెరుచుకున్నట్టు. కనిపించకపోతే బోర్డుకు స్వయంగా రాసి అడగండి. లక్షల రూపాయలు తీసుకుని ‘లైసెన్సు గ్యారంటీ’ అనే కన్సల్టెన్సీలను నమ్మకండి. ఆఫర్ ఇచ్చేది ఆసుపత్రి, లైసెన్సు ఇచ్చేది బోర్డు. మధ్యలో ఉన్నవారు దేనికీ హామీ ఇవ్వలేరు.

నాలుగో మెట్టు: ఆఫర్ లెటర్

మొత్తం ప్రయాణంలో కష్టమైనది ఇదే, ఎందుకంటే దీనికి పరీక్ష లేదు, సిలబస్ లేదు. ఆసుపత్రుల నియామక విభాగాలకే ఈ చట్టాల గురించి తెలియకపోవచ్చు. ఉద్యోగ ప్రకటనలకు దరఖాస్తు పెడితే ‘అమెరికన్ బోర్డు సర్టిఫికేషన్ లేదు’ అని కంప్యూటరే తిప్పికొడుతుంది. అందుకే మనిషిని పట్టుకోవాలి. మీ స్పెషాలిటీ విభాగాధిపతికి నేరుగా రాయండి. ఒక పేజీలో మీ శిక్షణ, ఏటా చూసిన కేసుల సంఖ్య, చేసిన ప్రొసీజర్లు చెప్పండి. రెండో పేజీలో ఆ రాష్ట్ర చట్టం ఏమంటుందో, ఆసుపత్రి వైపు నుంచి కావలసిన పర్యవేక్షణ ఏమిటో స్పష్టంగా రాయండి. చట్టాన్ని వారికి వివరించే బాధ్యత కూడా మీదే అనుకోండి.

తెలుగు వైద్యుల బలం ఇక్కడ నిజంగా పనికొస్తుంది. ఆంధ్రా, గుంటూరు, ఉస్మానియా, రంగరాయ, కాకతీయ కళాశాలల పూర్వవిద్యార్థులు దశాబ్దాలుగా అక్కడి ఆసుపత్రుల్లో విభాగాధిపతులుగా ఉన్నారు. వారిని ఉద్యోగం అడగకండి. వారి విభాగంలో ఈ దారిలో ఎవరినైనా తీసుకునే ఆలోచన ఉందా, వైద్యుల అర్హతలు పరిశీలించే క్రెడెన్షియలింగ్ కమిటీ ఏమంటుంది అని అడగండి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు మీకు నెలల శ్రమ తప్పిస్తుంది.

ఆఫర్ వచ్చాక సంతకానికి ముందు మూడు సంగతులు చూడాలి. ఒకటి, పర్యవేక్షించే వైద్యుడెవరు, ఆయన వెళ్లిపోతే ఎవరు. రెండు, ఉద్యోగం పోతే లైసెన్సు ఏమవుతుంది. చాలాచోట్ల తాత్కాలిక లైసెన్సు ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. మూడు, వృత్తిపరమైన బీమా. ఉద్యోగం మానేశాక పాత రోగులు వేసే కేసులకు కూడా రక్షణనిచ్చే ‘టెయిల్’ బీమా ఖర్చు ఎవరిదో రాతలో ఉండాలి. వైద్యుల ఒప్పందాలు తెలిసిన న్యాయవాదికి ఒకసారి డబ్బిచ్చి చదివించడం వృథా ఖర్చు కాదు.

ఐదో మెట్టు: వీసా

లైసెన్సు రాష్ట్రం ఇస్తుంది, వీసా కేంద్రం ఇస్తుంది. ఒకరి నిర్ణయం మరొకరిని కట్టడి చేయదు. రెసిడెంట్లకు ఈసీఎఫ్‌ఎంజీ స్పాన్సర్ చేసే జే-1 వీసా శిక్షణ కోసం ఉద్దేశించినది, ఈ ఉద్యోగాలకు సరిపోదు. మిగిలేది ప్రధానంగా హెచ్-1బి అనే ఉద్యోగ వీసా. రోగులను చూసే వైద్యులకు హెచ్-1బి కావాలంటే సాధారణంగా స్టెప్ 3 పాసై ఉండాలి. అందుకే దాన్ని ముందే రాయమన్నాను. విశ్వవిద్యాలయాలు, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని ఆసుపత్రులు వార్షిక లాటరీ పరిధిలోకి రావు, ఇది పెద్ద ఊరట. కానీ 2025 సెప్టెంబరులో వచ్చిన అధ్యక్ష ప్రకటన, అమెరికా బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల చెల్లింపు విధించింది. ఆఫర్ మాట్లాడే రోజున ఆ నియమం ఏ స్థితిలో ఉందో, మినహాయింపు దొరుకుతుందో వలస న్యాయవాదిని అడగాలి.

గ్రీన్‌కార్డు ఉన్నవారికి, భాగస్వామి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసే దరఖాస్తు) ఆమోదం పొంది హెచ్-4 మీద పని అనుమతి తెచ్చుకున్నవారికి ఈ మెట్టే ఉండదు. ఆసుపత్రికి వీసా ఖర్చు, చికాకు లేదన్న మాటను మీ ఉత్తరంలో మొదటి పేరాలోనే రాయండి.

ఆరో మెట్టు: దరఖాస్తు, పర్యవేక్షణ కాలం

దరఖాస్తులో ఎంబీబీఎస్ మొదటి రోజు నుంచి నేటి వరకు నెలల వారీగా లెక్క చెప్పాలి. ప్రసవం, పీజీ ప్రవేశ పరీక్షకు చదివిన కాలం, ఏదైనా సరే ఖాళీగా వదలకండి. వేలిముద్రలతో నేరచరిత్ర పరిశీలన ఉంటుంది. ఇవన్నీ ఓపికతో పూర్తిచేసే పనులే.

లైసెన్సు వచ్చాక మొదటి నెలల్లో వైద్యం కంటే అక్కడి పద్ధతులే కొత్తగా ఉంటాయి: ఎలక్ట్రానిక్ రికార్డులు, బీమా సంస్థల ముందస్తు అనుమతులు, మత్తుమందు గుణమున్న నొప్పి మాత్రల నియమాలు, మరణానికి ముందు రోగి ఇచ్చే లిఖితపూర్వక ఆదేశాలు. అనుభవజ్ఞులైనవారు మళ్లీ జూనియర్‌లా అడిగి నేర్చుకోవడానికి సంకోచించకూడదు. పర్యవేక్షకుడు రాసే నివేదికలే రేపు పూర్తి లైసెన్సుకు ఆధారం.

బోర్డు సర్టిఫికేషన్

ఈ చట్టాల్లో నాకు అసంతృప్తి కలిగించేది ఇదొక్కటే. రాష్ట్రం లైసెన్సు ఇస్తుంది కానీ, ఇంటర్నల్ మెడిసిన్, సర్జరీ వంటి స్పెషాలిటీ బోర్డులు ప్రైవేటు సంస్థలు. అవి సాధారణంగా అమెరికన్ రెసిడెన్సీ చేసినవారినే పరీక్షకు అనుమతిస్తాయి. బోర్డు సర్టిఫికేషన్ లేనివారికి ఆసుపత్రి ప్రివిలేజెస్ (అక్కడ రోగులకు వైద్యం చేసే అనుమతి), బీమా ప్యానెల్‌లో చోటు దొరకడం కష్టం. రాష్ట్రాల మధ్య లైసెన్సును వేగంగా ఇచ్చే అంతర్రాష్ట్ర ఒప్పందం కూడా అమెరికన్ శిక్షణ, బోర్డు సర్టిఫికేషన్ అడుగుతుంది. అంటే టెనెస్సీలో పూర్తి లైసెన్సు వచ్చినా, పక్కనున్న జార్జియాకు మారాలంటే మళ్లీ పాత గోడే ఎదురు.

కొన్ని సందులు లేకపోలేదు. రేడియాలజీ, అనస్థీషియా బోర్డులకు విదేశీ శిక్షణ పొందినవారి కోసం ప్రత్యామ్నాయ దారులున్నాయి. గుర్తింపు పొందిన బోధనా సంస్థలో ఏళ్ల తరబడి, రేడియాలజీకైతే 4 ఏళ్లు, పనిచేసినవారికి అవి వర్తిస్తాయి. అసాధారణ అర్హతలున్న విదేశీ స్పెషలిస్టులను నేరుగా ఫెలోషిప్‌లోకి తీసుకునే మినహాయింపు కూడా ఉంది. కాబట్టి రెండు ఆఫర్లు చేతిలో ఉంటే జీతం కొంచెం తక్కువైనా బోధనాసుపత్రినే ఎంచుకోండి. మీ స్పెషాలిటీ బోర్డు నియమాలను ఉద్యోగంలో చేరకముందే చదివి, అక్కడ గడిపే కాలం ఆ లెక్కలోకి వస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి.

తాత్కాలిక లైసెన్సు గడువు ముగియడానికి కనీసం ఆరు నెలల ముందే పూర్తి లైసెన్సు దరఖాస్తు పనులు మొదలుపెట్టాలి. యజమాని ఇచ్చే సేవా ధ్రువపత్రంలో చేరిన తేదీ, పూర్తికాలం అన్న మాట, క్రమశిక్షణ చర్యలేవీ లేవన్న వాక్యం మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. ఇక్కడి వైద్య మండలి రిజిస్ట్రేషన్‌ను మాత్రం ఆ తర్వాత కూడా రెన్యువల్ చేయిస్తూనే ఉండండి. మధ్యలో ఉద్యోగం పోయినా, చట్టం మారినా, తిరిగి వచ్చి మర్నాడే రోగిని చూసే హక్కు దాని వల్లే ఉంటుంది.